చిన్నపిల్లలకు సొంత ఫోను తగునా?

‘సొంతము’ అను మాట మన సరిహద్దు ప్రాంతమున మూడు భాషలలోను వినవచ్చును. తెలుగువారు సొంతమందురు, కన్నడిగులు స్వంతమందురు, తమిళులు సొందమందురు. తమిళమున ఈ మాటకు మరియొక అర్థము కూడ కలదు. తనదైన వస్తువునే కాక తనవారైన చుట్టములను సైతము వారు సొందమనియే పిలుతురు. ఒక్క మాటలో వస్తువును బంధువును ఇమిడియున్నారు. హోసూరు, శూలగిరి, బాగలూరు ప్రాంతములలో పుట్టి పెరిగిన మన పిల్లలు ఈ రెండర్థములను వింటూనే పెరుగుచున్నారు. అయినను “నాయనా, నాకు సొంతముగా ఒక సెల్లు కొనియిమ్ము” అని అడుగు బాలుడు మొదటి అర్థముననే అడుగుచున్నాడు. ఆ వస్తువు చేతికి వచ్చిన పిదప రెండవ అర్థమునకు, అనగా ఇంటివారితోడి మాటకును పొత్తునకును, ఏమగుచున్నదో ఈ వ్యాసమున విచారింపదలచితిమి.

ముందుగా రెండు హద్దులు గీచుకొందము. ఇచట చిన్నపిల్లలనగా ఎనిమిదవ తరగతి దాటనివారు, సుమారు పదమూడేండ్లలోపువారు. రెండవది, పిల్లలు స్మార్టు ఫోనును వాడవచ్చునా అనునది ఒక ప్రశ్న. దానిని సొంతముగా ఉంచుకొనవచ్చునా అనునది వేరొక ప్రశ్న. సభలలోను పత్రికలలోను ఈ రెంటిని కలిపివేసి వాదించుటచేతనే వాదము తెగుటలేదు. ఒకరు ఫోనులోని విద్యను పొగడుదురు, మరొకరు ఫోనువలని కీడును తెగడుదురు. ఇద్దరును నిజమే చెప్పుచుందురు.

సేద్యగాని యింటి పిల్లవాడు కొడవలితో పచ్చిగడ్డి కోయును. ఆ పని వానికి ఏడెనిమిదేండ్లకే నేర్పుదురు. కాని పని తీరగనే కొడవలి చూరులోనికి పోవును. అది వాని పక్కలో పండుకొనదు, వానితో బడికి రాదు. కొడవలి పిల్లవానికి తెలిసిన పనిముట్టే గాని పిల్లవాని సొత్తు కాదు. ఫోను విషయమున మా అభిప్రాయమును ఈ ఉపమానమే చెప్పుచున్నది. ఇంటి ఫోనును పెద్దల యెదుట, పని యున్నంతసేపు, పిల్లలు వాడవచ్చును. ఎనిమిదవ తరగతి ముగియువరకు వారికి సొంత ఫోను వలదు. ఇట్లనుటకు మాకు గల కారణములను ఒకటొకటిగా చెప్పెదము. ఒప్పనివారి మాటను కూడ విందము.

ఇది సొత్తును గూర్చిన మాట గనుక చట్టమేమనునో మొదట చూతము. 1875 నాటి చట్టము ప్రకారము మన దేశమున పదునెనిమిదేండ్లు నిండినవారే పెద్దవారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టపు 11వ సెక్షను పెద్దవారు మాత్రమే ఒప్పందము చేసికొనుటకు అర్హులని చెప్పుచున్నది. కలకత్తాలో ధర్మదాసు ఘోషు అను మైనరు తన యింటిని తాకట్టు పెట్టి అప్పు తీసికొన్న వ్యవహారమున, మైనరు చేసిన ఒప్పందము మొదటినుండియు చెల్లనిదని 1903లో ప్రివీ కౌన్సిలు తీర్పు చెప్పెను. న్యాయశాస్త్ర విద్యార్థులు నేటికిని ఆ తీర్పును చదువుచున్నారు. ఇపుడు ఫోనునొకదానిని తెరచి చూడుడు. అందులో ఏ ఆప్‌ను చేర్చుకొనబోయినను అది మొట్టమొదట అడుగునది ఒప్పందమే. ‘అంగీకరించుచున్నాను’ అను చోట వ్రేలు పెట్టనిదే అది లోనికి రానీయదు. ఇల్లు తాకట్టు పెట్టుటకు పనికిరాని సమ్మతిని పదేండ్ల బాలిక దినమునకు పదిమార్లు ఇచ్చివేయుచున్నది.

పదునెనిమిదేండ్లు నిండనివారి పేర సిమ్ము ఇయ్యరు. కావున పిల్లవాని ‘సొంత’ ఫోనులోని సిమ్ము తండ్రి పేరనో తల్లి పేరనో ఉండును. ఆ నంబరునుండి ఎవరికేమి పోయినను అడుగబడువారు వారే. ఫేస్‌బుక్కు, ఇన్‌స్టాగ్రాము మొదలగునవి పదమూడేండ్లలోపువారికి ఖాతా ఉండరాదని తామే నియమము పెట్టుకొన్నవి. నాల్గవ తరగతి బాలుడు అందు చేరవలెనన్నచో పుట్టిన సంవత్సరమును మార్చి వ్రాయవలెను. అనగా సొంత ఫోనుతో అతడు చేయు తొలి పని అబద్ధము వ్రాయుట. ఆ విద్యను నేర్పువాడు తరచుగా అన్నయో మామ కొడుకో అగుచుండును. తెలిసియు నవ్వి ఊరకుండు తల్లిదండ్రులును కలరు.

2023లో మన పార్లమెంటు వ్యక్తుల సమాచార రక్షణకై ఒక చట్టము చేసినది. పదునెనిమిదేండ్లలోపువారి సమాచారమును తీసికొనుటకు తల్లిదండ్రుల సమ్మతి కావలెననియు, పిల్లల నడవడిని వెన్నాడి గమనింపరాదనియు, వారిని గురిచేసి ప్రకటనలు చూపరాదనియు అందు విధించిరి. నియమములు 2025 నవంబరులో వెలువడినవి. అమలు దశలవారీగా జరుగవలసియున్నది. మంచి చట్టమే. కాని ఆ సమ్మతి నిచ్చునది తల్లిదండ్రులు. ఫోను పిల్లవాని జేబులో ఉండి, దాని తాళపు సంఖ్య పిల్లవానికే తెలిసినచో, ఏ సమ్మతిని ఎవరిచ్చిరో వారికి తెలియుటెట్లు?

ఈ వస్తువు మన యిండ్లలోనికి వచ్చిన వైనమును కూడ కొంచెము తలచుకొనవలెను. 2007లో ఐఫోను, ఆ మరుసటి యేడు ఆండ్రాయిడు ఫోను విదేశములలో వెలువడినపుడు మన పల్లెలకు వాటి సంగతియే తెలియదు. 2016 సెప్టెంబరులో జియో సంస్థ సేవలు మొదలిడిన పిదప డేటా వెల ఒక్కసారిగా పడిపోయినది. అప్పటినుండి స్మార్టు ఫోను చేతివృత్తులవారి యింటను కూలివారి యింటను కూడ చేరసాగెను. 2020 మార్చిలో బడులు మూతపడినవి. తమిళనాట ఒకటి మొదలు ఎనిమిది వరకు గల తరగతుల పిల్లలకు బడి తలుపులు 2021 నవంబరు 1న గాని మరల తెరువబడలేదు. ఆ పందొమ్మిది నెలలు ఫోనే బడి. ఇద్దరు ముగ్గురు పిల్లలున్న యింట ఒక్క ఫోను చాలక అప్పు చేసి రెండవది కొన్నవారిని మేమెరుగుదుము. వారిని తప్పుపట్టుటకు ఎవరికిని నోరు రాదు. పాఠము కొరకు కొన్నారు. తరువాత పాఠము బడికి తిరిగివచ్చినది, ఫోను మాత్రము పిల్లవాని చేతనే నిలిచినది.

నిలిచిన ఫోనుతో పిల్లలేమి చేయుచున్నారు? ‘అసర్’ అను పేర గ్రామీణ విద్యాస్థితిని పరిశీలించువారు 2024లో 14 మొదలు 16 ఏండ్ల పిల్లలను ఈ విషయమున ప్రశ్నించిరి. నూటికి 82 మందికి స్మార్టు ఫోను వాడుట తెలియును. గడచిన వారమున చదువుకు సంబంధించిన పని యేదైన ఫోనులో చేసినవారు నూటికి 57 మంది. సామాజిక మాధ్యమములను చూచినవారు 76 మంది. వాడ నేర్చినవారిలో పదునాలుగేండ్లవారికి నూటికి 27 మందికి, పదునారేండ్లవారికి సుమారు 38 మందికి సొంత ఫోను కలదు. వీరు మేము చెప్పు చిన్నపిల్లలకంటె పెద్దవారు. అయినను పద్నాలుగేండ్లకే నలుగురిలో ఒకరికి మించి సొంత ఫోను వచ్చియున్నదన్నచో, అడుగుట అంతకు ముందే మొదలైనదని తెలియుచున్నది.

కంటికిని నిద్రకును కలుగు హానిని గూర్చి మీరు ఇదివరకే చాల వినియుందురు. క్లుప్తముగ చెప్పి విడిచెదము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేండ్లలోపు బిడ్డలను గూర్చి సలహాలనిచ్చుచు, రెండేండ్లు నిండనివారికి తెర చూపనే వలదనియు, ఆపైని వారికి దినమునకు ఒక గంట మించరాదనియు చెప్పినది. చీనా దేశపు గ్వాంగ్జౌ నగరమున పన్నెండు ప్రాథమిక పాఠశాలలలో మూడేండ్లపాటు ఒక పరీక్ష జరిపి 2015లో ఫలితము ప్రకటించిరి. ప్రతి బడి దినమునను అదనముగ నలుబది నిమిషములు ఆరుబయట గడపిన పిల్లలలో నూటికి 30 మందికి హ్రస్వదృష్టి కలిగినది. అట్లు గడపనివారిలో 39 మందికి కలిగినది. ఇందు ఫోను ప్రసక్తి లేదు, ఎండలో ఆటయే మందు. ఆ ఎండపొద్దును మ్రింగునది ఏదో మేము చెప్పనక్కరలేదు. మనకు నలుబది కిలోమీటరుల దూరముననే యున్న బెంగుళూరు నిమ్హాన్సు సంస్థలో, ఇట్టి పరికరములు విడువలేనివారికై 2014 నుండి ప్రత్యేకముగ ఒక వైద్యశాఖ నడుచుచున్నది. ఇదేదో దూరదేశపు రోగమని తలంపవలదు.

తెలుగు చెప్పుకొను ఉపాధ్యాయులము గనుక మా మనస్సున మిక్కిలి మెదలునది భాషను గూర్చిన చింత. మేము ఉపాధ్యాయశిక్షణ పొందినది పొరుగు రాష్ట్రమైన ఆంధ్రప్రదేశమున. అచట తరగతిలో తెలుగు సన్నగిల్లినను వీధిలో, బస్సుపై, అంగడి పలకపై తెలుగు కనబడుచునే యుండును. ఇచట అట్లు కాదు. ఇచటి పిల్లవానికి తెలుగు అక్షరము కనబడునది పుస్తకములో, బడి గోడపై, గుడి మెట్లపై చెక్కిన పాత శాసనముపై. 2006 నాటి తమిళ బోధనా చట్టము తరువాత మన పిల్లలు తమిళమును కూడ చదువుచున్నారు. నివసించు నేల భాష నేర్చుట మేలే. తమిళము, ఆంగ్లము, తెలుగు అను మూడు లిపులను మోయు ఈ పిల్లలను చూచిన మాకు గౌరవమే కలుగును. వీధి ఇయ్యని తెలుగును వీరికిచ్చునవి రెండు: బడి, ఇల్లు. బడి ఇచ్చునది గ్రంథముల తెలుగు. పలుకుబడిని, చుట్టరికమును, సేద్యమును, వంటను, తిట్టును, దీవెనను ఇచ్చునది ఇల్లు. సాయంకాలము దీపము పెట్టినది మొదలు నిద్రపోవువరకు గల రెండు మూడు గంటలే ఈ యింటి బడి.

సొంత ఫోను తీసికొనునది సరిగ్గా ఆ గంటలనే. ఇంటి ఫోను అందరి నడుమ మ్రోగును. అందులో పాట వచ్చినచో అందరును విందురు, అవ్వ ఏదో యనును, పిల్లలు నవ్వుదురు, మాట సాగును. సొంత ఫోనునకు చెవిలో పెట్టుకొను గొట్టములు తోడగును. నలుగురు మనుష్యులు ఒక్క గదిలో నాలుగు భాషలు వినుచు ఒక్క మాటయు ఆడకుండుట మేము కొన్ని యిండ్లలో చూచితిమి. అందు తెలుగు వినువారు అవ్వ యొక్కతె. ఆమె వినునది గోడగడియారపు చప్పుడు.

“ఫోనులో తెలుగు లేదా?” అని అడుగుదురు. కలదు, కావలసినంత కలదు. ప్రపంచ భాషల అక్షరములకు సంఖ్యలు కట్టిన యూనికోడు యొక్క 1991 నాటి మొదటి కూర్పులోనే తెలుగు లిపికి చోటు దొరకినది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైనది. నిఘంటువులు, శతకములు, పాత ప్రబంధములు నేడు వ్రేలి కొనకు దిగివచ్చినవి. మేము పిల్లలుగ నున్నపుడు శబ్దరత్నాకరమును చూడవలెనన్నచో పట్టణపు గ్రంథాలయమునకు పోవలసియుండెను. ఈ లాభమును కాదనువాడు కృతఘ్నుడు. కాని ఆ నిఘంటువును ఎవరును చూపనిదే తెరచు పదేండ్ల బాలుడు అరుదు. వానికి ఫోను తనంతట తాను చూపునది చిన్న చిన్న వీడియోలు. ఒకటి ముగియకమునుపే మరియొకటి వచ్చును. ఏది ఎక్కువసేపు చూచిన దానివంటివే మరిన్ని వచ్చుట దాని పద్ధతి. అందు ఆంగ్లము, హిందీ, తమిళము, తెలుగు అన్నియు కలగలసి యుండును. వచ్చు తెలుగు కూడ సినిమా తెలుగే గాని శూలగిరి అవ్వ తెలుగు కాదు.

లిపి సంగతి అంతకంటె చిక్కైనది. సొంత ఫోను గల పిల్లలు ఒకరికొకరు సందేశములు వ్రాసికొందురు. మాట తెలుగే, అక్షరములు మాత్రము ఆంగ్లపువి. ఎమ్, ఏ, డీ, ఐ అను నాలుగక్షరములను వరుసగ వ్రాసి చూడుడు. అదే మాట? వరి నాటిన మడి కావచ్చును. తడిబట్టతో కట్టుకొను మడి కావచ్చును. మనస్సను అర్థముగల మది కావచ్చును. “ఆ యిల్లు మాది” అనుటలోని మాది కావచ్చును. అడుగంటిన అన్నము మాడి యుండవచ్చును. ఇంతటితో ముగియలేదు. ప్రక్కనున్న కన్నడ బాలుడు దానిని ‘మాడి’ అని చదివి ‘చేయుడు’ అను అర్థము చెప్పుకొనును. తమిళ బాలిక కూడ ‘మాడి’ అనియే చదువును, కాని ఆమెకు అది మేడ. పీ, ఈ, డీ, ఏ అను నాలుగక్షరములు ‘పెద’ యగునో ‘పేద’ యగునో వ్రాసినవానికే తెలియవలెను. మన భాషలో ఆ రెంటికిని గల దూరమెంతయో ఊరిలో ఎవరినడిగినను చెప్పుదురు.

హ్రస్వ దీర్ఘములు, ద కార డ కారములు, ల కార ళ కారములు ఇట్లు కలసిపోవుట పెద్దలకు హాని చేయదు. వారి తలలో మాట ముందే స్థిరపడియున్నది. ఆంగ్లాక్షరము కేవలము గుర్తు. పిల్లలకు మాట ఇంకను స్థిరపడలేదు. ఐదారు తరగతులలో కుదురుకొనవలసిన అక్షరక్రమము ఆ సందేశములలోనే చెదరుచున్నది. తమ పేరును తెలుగున దీర్ఘము విడిచి వ్రాయు పిల్లలు మా తరగతులలో ఏటేట పెరుగుచున్నారు. నోటితో చెప్పినచో ఫోనే తెలుగున వ్రాసిపెట్టు సదుపాయము నేడున్నది. చదువురాని అవ్వకు అది వరప్రసాదము. దుబాయిలో నున్న మనుమనికి ఆమె తన మాటలతోనే జాబు పంపగలుగుచున్నది. ఆరవ తరగతి పిల్లవానికి ఆ సదుపాయమే ప్రతిబంధకము. ‘కల’ యని చెప్పిన ‘కళ’ యని పడినచో దిద్దుటకు వానికి ఆ భేదము ముందు తెలిసియుండవలెను గదా. ఒకే వస్తువు వయస్సును బట్టి ఊతకర్రయు అగును, కాలికి అడ్డమును అగును.

గత సంవత్సరము ఏడవ తరగతివారికి మేమొక పని యిచ్చితిమి. రాగుల పంటకు సంబంధించిన మాటలను ఇంటి పెద్దలనడిగి, వారి గొంతునే ఫోనులో పట్టి, పిదప తెలుగు లిపిలో వ్రాసి తెమ్మంటిమి. ఒక బాలిక తల్లి ఫోనును వాకిట మంచముపై పెట్టి అవ్వను మాటలాడించినది. మడక, కాడి, గుంటక, కళ్ళము, గుండు, తూర్పారబట్టుట, చేట, పాతర ఇట్లు ముప్పదియొక్క మాటలు తెచ్చినది. ఆ ధ్వనిని తరగతిలో వింటిమి. పాతర యనగా నేలలో గొయ్యి త్రవ్వి రాగులు దాచుట యని అవ్వ చెప్పుచుండగా, నడుమ తల్లి అడ్డు వచ్చి కుప్పము వైపు తమ పుట్టింట పాతర తీయునపుడు ముందు దీపము దించి గాలి చూతురని చెప్పినది. దీపము ఆరినచో మనిషి దిగరాదు. ఎందుకు దిగరాదో విజ్ఞానశాస్త్రము చెప్పు ఉపాధ్యాయులు మరునాడు అదే తరగతిలో వివరించిరి. ఒక్క మాటకు ఎంత పాఠము!

అదే పనికి సొంత ఫోను గల ఒక బాలుడు చక్కని దస్తూరితో పట్టిక తెచ్చెను. చురుకైన పిల్లవాడు, మాకు ఇష్టుడు. అందు గరిసె, కుప్పనూర్పు మొదలగు మాటలున్నవి. అవి తెలుగు మాటలే, కోస్తా జిల్లాల వరి సేద్యపు మాటలు. మీ ఊరిలో గరిసె ఎవరింట నున్నదని అడుగగా దిక్కులు చూచెను. వాని యింట డెబ్బదియేండ్ల తాత కలడు, రాగులు పండించిన చేయి. ఫోను అడిగినంతనే చెప్పినది గనుక తాతను అడుగ నక్కరలేకపోయినది. ఇచట లోపము బాలునిది కాదు. చేతిలో ఎల్లపుడును ఒక సమాధానము ఉన్నవానికి ప్రక్కనున్న మనిషిని అడుగవలెనను తలంపు రాదు.

ఇక మాతో ఏకీభవింపనివారి మాట వినవలెను. వారు చెప్పునది తేలికైనది కాదు. మన ప్రాంతమున సిప్కాటు కర్మాగారములలో తండ్రి ఒక షిఫ్టు, గులాబి తోటలలో తల్లి పగటి కూలి. బడి విడిచిన పిదప నాలుగు గంటలు ఇంట పెద్దలుండరు. “బిడ్డ ఇల్లు చేరెనో లేదో ఎట్లు తెలియవలెను? బస్సు రాకున్న ఎవరికి చెప్పవలెను?” అని ఒక తల్లి మమ్మడిగినది. ఆమె భయము నిజమైనది. అయితే ఆమె కోరునది పిలుపు, మాట. మీటలు గల చిన్న ఫోను ఆ పనిని చక్కగ చేయును. దాని వెల తక్కువ, ఒకమారు ఛార్జి చేసిన దినముల తరబడి నిలుచును. మాట్లాడుటకు కావలసినదానికి బదులు ప్రపంచమంతటిని సంచిలో పెట్టి పంపనక్కరలేదు.

మరియొక ఆక్షేపణ మాకు ఇంకను బరువైనదిగ తోచుచున్నది. “వలదు అను నియమము పెట్టినచో అది ఆడపిల్లకే వర్తించును, మగపిల్లవానికి వర్తింపదు” అని పదవ తరగతి బాలిక యొకతె చర్చా సమావేశమున చెప్పినది. అసర్ నివేదిక ఆమె పక్షముననే సాక్ష్యమిచ్చుచున్నది. ఫోను వాడ నేర్చిన 14 మొదలు 16 ఏండ్లవారిలో సొంత ఫోను గల బాలురు నూటికి 36 మంది, బాలికలు 27 మంది. పన్నెండేండ్ల తమ్మునికి సొంత ఫోను ఉండి, పదునేడేండ్ల అక్క ఉపకారవేతనపు దరఖాస్తు చూచుకొనుటకు వానిని బతిమాలుట మన యిండ్లలో జరుగుచున్నది. ఇంటి ఫోను అను మాటకు విలువ రావలెనన్నచో అది నిజముగ ఇంటిది కావలెను. పై తరగతుల చదువునకు అక్కకు ముందు దొరకవలెను, ఆటకు తమ్మునికి తరువాత దొరకవలెను. వయస్సును బట్టి గీత గీయవచ్చును, ఆడ మగ భేదమును బట్టి గీయరాదు. చిన్నపిల్లలకు సొంత ఫోను వలదని మేము చెప్పు మాటను అడ్డుపెట్టుకొని కళాశాలలో చేరిన కూతునికి ఫోను నిరాకరించు తండ్రి మా మాటను అపార్థము చేసికొన్నవాడగును.

ఇతర దేశములు చట్టములతో ఈ చిక్కును విప్పజూచుచున్నవి. ఫ్రాన్సు 2018లో సుమారు పదునైదేండ్ల వరకు గల పిల్లల బడులలో ఫోను వాడకమును నిషేధించినది. ఆస్ట్రేలియా 2024లో చేసిన చట్టముచేత పదునారేండ్లలోపువారికి సామాజిక మాధ్యమములలో ఖాతా లేకుండ చేసినది. అది 2025 డిసెంబరు 10 నుండి అమలున నున్నది. బడులలో ఫోనును నిషేధించిన దేశములు ఇంచుమించు నాలుగింట ఒకటి యని 2023లో యునెస్కో లెక్క చెప్పినది. ఇవి గమనింపదగినవే. కాని ఒక చట్టము బడి గడప వరకు వచ్చును, మరియొకటి సంస్థ గడప వరకు వచ్చును. ఇంటి గడప లోపల ఫోను ఎవరి చేత ఉండవలెనో ఏ ప్రభుత్వమును చెప్పలేదు. అది తల్లిదండ్రులు, అవ్వతాతలు, పిల్లలు కూర్చుండి తేల్చుకొనవలసినది.

ఆ తేల్చుకొనుటలో మాకు తోచినవి చెప్పెదము. ఐదవ తరగతి వరకు ఫోను పిల్లల చేతికి విడిగ ఇయ్యనక్కరలేదు; పెద్దలు చూచునపుడు ప్రక్క కూర్చుండి చూచిన చాలును. ఆరు మొదలు ఎనిమిది వరకు నడవలో, అందరి కన్నులయెదుట, పని చెప్పి తీసికొని పని కాగానే తిరిగి పెట్టు అలవాటు చేయవలెను. రాత్రి ఫోనులన్నియు ఒకే చోట, పడకలకు దూరముగ, ఛార్జికి ఉండవలెను. అన్నియు అనగా నాయన ఫోను కూడ. ఈ మాట తండ్రులకు రుచింపదని తెలియును. తాను కంచము ముందు ఫోను చూచుచు కొడుకును వలదను తండ్రి మాటను పిల్లవాడు ఎంతవరకు వినునో అంతవరకే వినును.

బడులు చేయవలసినది కూడ కలదు. కొన్ని పాఠశాలలు ఇంటిపనిని, ప్రకటనలను వాట్సప్‌లో మాత్రమే పంపుచున్నవి. అపుడు ఫోను లేని బిడ్డ మరునాడు దోషిగ నిలువవలసివచ్చును, ఆ అవమానమునకు ఓర్వలేక తల్లి ఫోను కొనును. మా తరగతులలో ఇంటిపనిని నల్లబల్లపై వ్రాసి, పిల్లలచేత పుస్తకమున ఎత్తి వ్రాయించుచున్నాము. దీనికి ఐదు నిమిషములు పట్టును, దస్తూరియు కుదురుకొనును.

ఎనిమిదవ తరగతి ముగిసిన పిదప ఏమి చేయవలెనని అడుగువారికి, ఆ నాటికి పిల్లవానికి రెండు పనులు వచ్చియుండవలెనని మా మనవి. ఫోనులో తెలుగును తెలుగు అక్షరములతోనే వ్రాయగలుగవలెను. భారత ప్రభుత్వము నిర్ణయించిన ఇన్‌స్క్రిప్టు పలక మీద అచ్చులు ఒక వైపున, హల్లులు ఒక వైపున ఉండును. గుణింతము వచ్చినవానికి అది వారము దినముల పని. రెండవది, ఫోనును తానై క్రింద పెట్టగలుగవలెను. ఇంటి ఫోనుతో మూడేండ్లు గడపిన పిల్లవానికి ఈ రెండవది వచ్చెనో రాలేదో ఇంటివారు కన్నులార చూచియుందురు. రాకున్న మరియొక ఏడు ఆగవచ్చును.

ఈ పాఠమునకు అనుబంధముగ ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల విద్యార్థులకు ఒక అభ్యాసమును ఇచ్చుచున్నాము. ఆంగ్లాక్షరములతో వ్రాసినపుడు ఒకే రూపము పొంది, తెలుగున వ్రాసినపుడు వేరువేరుగ నిలుచు మాటలను పది జతలు సేకరింపుడు. వాటిలో ఏదైన కన్నడమునను తమిళమునను వేరర్థము నిచ్చునేమో మీ చెలికాండ్రనడిగి ప్రక్కన వ్రాయుడు. పిదప మీ యింటి ఫోనును అడిగి తీసికొని, అవ్వనో తాతనో కూర్చుండబెట్టి, వారు చిన్ననాడు వాడి నేడు మీరు వాడని వస్తువు ఒకదానిని గూర్చి ఐదు నిమిషములు మాటలాడించి ధ్వనిని పట్టుడు. వారు చెప్పినది చెప్పినట్లే వ్రాయుడు, మన పుస్తకపు తెలుగులోనికి మార్చవలదు. ఇంటిలో పెద్దలు లేనివారు పొరుగింటి పెద్దలను అడుగవచ్చును. వచ్చు సోమవారము తరగతిలో విందము.